స్పామ్ కాల్ చేసేవాడి ఖర్చు పెరగాలి

తెలియని నంబరు నుంచి వచ్చిన ఫోన్ ఎత్తి ‘హలో’ అన్నాక ఒకటి రెండు క్షణాలు అవతల ఏమీ వినిపించకపోవడం చాలామందికి అనుభవమే. చాలాసార్లు ఆ నిశ్శబ్దానికి కారణం కాల్ సెంటర్‌లోని డయలర్ యంత్రం. అది ఒకేసారి అనేక నంబర్లకు రింగ్ ఇచ్చి, ఎత్తినవారిని మాత్రమే ఖాళీగా ఉన్న టెలికాలర్‌కు కలుపుతుంది; ఆ ఖాళీ మనిషి దొరికేదాకా మనం మౌనాన్నే వింటూ ఉంటాం. అమెరికా నిబంధనల ప్రకారం హలో అన్న 2 సెకన్లలోగా మనిషిని కలపకపోతే దాన్ని వదిలేసిన కాల్‌గా లెక్కిస్తారు. అటువంటివి 3 శాతం మించకూడదు. ఇంటర్నెట్ టెలిఫోనీ వచ్చాక కాల్‌కయ్యే ఖర్చు దాదాపు లేనట్టే అయింది గనుక, ఈ వ్యాపారంలో నిజంగా ఖరీదైనది జీతమిచ్చి కూర్చోబెట్టిన మనిషి సమయమే.

స్పామ్ కాల్స్‌పై సొంతంగా పోరాడిన టెలిఫోన్ ఔత్సాహికులు ఈ కిటుకును ప్రభుత్వాల కంటే ముందే పట్టుకున్నారని నా అభిప్రాయం. మొదట్లో వారి ప్రయత్నాలు యంత్రాన్ని ఏమార్చడానికే పరిమితమయ్యాయి. నంబరు పనిచేయడం లేదని చెప్పే ముందు ఎక్స్ఛేంజీ వినిపించే సంకేత ధ్వనిని, ఫోన్ ఎత్తగానే తానే వినిపించే టెలిజాపర్ అనే పరికరం 2000ల తొలినాళ్లలో అమెరికా మార్కెట్లోకి వచ్చింది. ఆ ధ్వని విన్న డయలర్, నంబరు రద్దయిందనుకుని దాన్ని జాబితాలోంచి తీసేసేది. లైను పరిస్థితిని నెట్‌వర్క్ సంకేతాల నుంచే తెలుసుకునే డయలర్లు వచ్చాక ఈ ఉపాయానికి పదును తగ్గింది.

ఆ తర్వాత వచ్చిన ‘లెన్నీ’ గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. లెన్నీ ఒక వృద్ధుడి గొంతుతో రికార్డు చేసిన 16 ఆడియో ముక్కల సముదాయం, అంతే. ఆస్టరిస్క్ వంటి ఉచిత టెలిఫోన్ సాఫ్ట్‌వేర్ నడిచే కంప్యూటర్‌కు కాల్‌ను మళ్లిస్తే, అవతలివారు మాట్లాడటం ఆపగానే అది తర్వాతి ముక్కను వినిపిస్తుంది. మొదటి నాలుగు పరిచయానికి వాడి, మిగిలిన పన్నెండింటిని వరుసగా తిప్పుతూ ఉంటుంది. సరిగ్గా వినపడటం లేదు, మళ్లీ చెప్పమంటాడు. కూతురి సంగతి ఎత్తుకుంటాడు. మధ్యలో బాతుల అరుపులు వినిపిస్తాయి. అవతలివారి మాటల్లో ఒక్కటీ ఆ కంప్యూటర్‌కు అర్థం కాదు. అయినా 2017లో వెలువడిన ఒక పరిశోధన, లెన్నీ కాల్స్ రికార్డింగులను విశ్లేషించి, అవి సగటున 10 నిమిషాలకు పైగా సాగాయని తేల్చింది. టెలికాలర్ కూడా ముందే రాసిచ్చిన మాటలనే వల్లిస్తాడు. వినికిడి తగ్గిన పెద్దాయన మళ్లీ చెప్పమంటే విసుక్కోకుండా చెప్పడమే అతని వృత్తి ధర్మం. లెన్నీ బలం అక్కడే ఉంది.

అమెరికాలో రోజర్ ఆండర్సన్ నెలకొల్పిన జాలీ రోజర్ టెలిఫోన్ కంపెనీ ఇదే పద్ధతిని చందా సేవగా మార్చింది. బ్రిటన్‌లో ఓ2 అనే టెలికాం సంస్థ 2024 నవంబరులో కృత్రిమ మేధతో మాట్లాడే ‘డైసీ’ అనే బామ్మను ప్రవేశపెట్టి, మోసగాళ్లను ఒక్కో కాల్‌లో 40 నిమిషాల దాకా నిలబెట్టగలిగామని ప్రకటించింది. ఆ సమయమంతా ఆ మోసగాడు నిజమైన బామ్మ జోలికి వెళ్లలేకపోయాడు. అందుకే ఈ పనిని కాలక్షేపంగా కొట్టిపారేయడం తప్పు.

అయితే దీనికి హద్దులున్నాయి. స్క్రీన్‌పై కనిపించే నంబరు చాలాసార్లు నకిలీది. కోపంతో దానికే తిరిగి ఫోన్ చేసి తిడితే, ఆ తిట్లు తినేది ఏ పాపమూ ఎరుగని ఒక చందాదారు. మరొక విషయం తెలుగువారిని నేరుగా తాకుతుంది. ఉద్యోగాల ఆశ చూపి కంబోడియాకు తరలించిన ఆంధ్రప్రదేశ్ యువకులతో అక్కడి ముఠాలు బలవంతంగా సైబర్ మోసాలు చేయించిన వైనం 2024 మేలో విశాఖపట్నం పోలీసుల దర్యాప్తులో వెలుగుచూసింది. ఫోన్‌లో మనల్ని మోసగించబోయే గొంతు అటువంటి బందీది కూడా కావచ్చు. అతని సమయం వృథా చేయడాన్ని నేను ఇప్పటికీ సమర్థిస్తాను, ఎందుకంటే ఆ మేరకు ఒక కుటుంబం కష్టార్జితం మిగులుతుంది. కానీ అతన్ని అవమానించి, ఆ రికార్డింగును నలుగురి నవ్వుకోసం వదలడాన్ని సమర్థించలేను. అదే రికార్డింగును, వాడిన ఖాతా నంబర్లతో సహా, సైబర్ నేరాల ఫిర్యాదులకున్న 1930 హెల్ప్‌లైన్ ద్వారా పోలీసులకు అందిస్తే దానికి సాక్ష్యం విలువ వస్తుంది.

ఈ ఎత్తుగడకు కాలం చెల్లే ప్రమాదమూ కనిపిస్తోంది. అవతల కూడా కృత్రిమ గొంతే కూర్చుంటే వృథా చేయడానికి మనిషి సమయం ఉండదు. రెండు కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. యంత్రాలే చేసే రోబోకాల్స్‌లో కృత్రిమ మేధ గొంతులు ఇప్పటికే ఉన్న చట్టం కిందకే వస్తాయని, ముందస్తు అనుమతి లేకుండా వాడటం చెల్లదని అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ 2024 ఫిబ్రవరిలో స్పష్టం చేసింది. చట్టాన్ని లెక్కచేయని ముఠాలు అంతమాత్రాన ఆగవు. అప్పుడు ఖర్చు పెంచగలిగేది కాల్‌ను మోసుకొచ్చే నెట్‌వర్క్ ఒక్కటే.

మన దేశంలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2025 ఫిబ్రవరిలో చేసిన సవరణలను ఈ కొలతతోనే చూడాలి. ఫిర్యాదుకు గడువును 3 రోజుల నుంచి 7 రోజులకు పెంచారు. నమోదు కాని టెలిమార్కెటర్లపై చర్యకు గడువును 30 రోజుల నుంచి 5 రోజులకు కుదించారు. రెండూ మేలైన మార్పులే. స్పామ్ లెక్కలను తప్పుగా చూపిన ఆపరేటర్‌కు మొదటిసారి 2 లక్షలు, రెండోసారి 5 లక్షలు, ఆపైన ప్రతిసారీ 10 లక్షల రూపాయల జరిమానా విధిస్తామన్నారు. అది లెక్క తప్పినందుకు వేసే జరిమానా. పదేపదే ఫిర్యాదులందిన కనెక్షన్ నుంచే మళ్లీ కాల్స్‌ను అనుమతించినందుకు, ఒక్కో కాల్‌కు ఇంత అని ఆపరేటర్ నుంచి వసూలు చేసి, అందులో కొంత ఫిర్యాదుదారు ఖాతాలో జమచేసే ఏర్పాటును ట్రాయ్ తదుపరి సవరణలోనైనా తీసుకురావాలి.