సుద్దముక్కకున్న ఏకైక లోపం

సుద్దముక్కకు చార్జింగ్ అక్కర్లేదు. అప్‌డేట్ రాదు. విరిగితే ఒకటి రెండవుతుంది. పాఠం మధ్యలో ఆగిపోయే అవకాశమే లేకపోతే ఆధునికత తరగతి గదిలోకి ఎటునుంచి వస్తుంది? ఈ లోపాన్ని సవరించడానికే పెన్నుతో రాసే ట్యాబ్లెట్‌ను ప్రవేశపెడుతున్నారు. ప్రవేశపెట్టే కమిటీల సౌకర్యార్థం కొన్ని సూచనలు.

ట్యాబ్లెట్ కొనండి, పెన్ను కొనకండి. చాలా మోడళ్లకు పెన్ను పెట్టెలో రాదు, విడిగా తీసుకోవాలి. ఏనుగును కొని అంకుశానికి వెనుకాడటం పెద్దలు ఏనాడో గుర్తించిన ఆచారమే కాబట్టి ఆడిట్‌లో ఇబ్బంది ఉండదు. మరీ అడిగితే రబ్బరు మొన ఉన్న చవక స్టైలస్ తెప్పించండి. తెర లెక్కలో అది ఇంకో వేలు, అంతే. రాసే మొన ఏదో, ఆనిన అరచేయి ఏదో దానికి తేడా తెలియదు. మాస్టారు చేయి గాల్లో నిలిపి సమీకరణం రాస్తారు. గణితం పీరియడ్‌లోనే వ్యాయామం కూడా అయిపోతుంది.

అసలైన పెన్నే కావాలని ఎవరైనా మొండికేస్తే, రకం చూడకుండా కొనండి. ఒక రకానికి బ్యాటరీ ఉండదు. తెర వెనకున్న తీగల నుంచి వచ్చే అయస్కాంత క్షేత్రంతోనే అది పనిచేస్తుంది. ఇంకో రకం తనే సంకేతం పంపుతుంది కాబట్టి దానికి చార్జింగో, బ్యాటరీయో కావాలి. చూపుకు రెండూ అన్నదమ్ములే, కానీ ఒకదాని పెన్ను ఇంకోదాని తెర మీద గీత గీయదు. కొటేషన్‌లో ‘పెన్నులు – 40’ అని రాసి ఊరుకోండి, మిగతాది విధి చూసుకుంటుంది. ప్రారంభోత్సవంలో మాత్రం పెన్నును ఎంత గట్టిగా నొక్కారో కొలిచే 4,096 ఒత్తిడి స్థాయిల గురించి తప్పక మాట్లాడండి. బొమ్మలు వేసేవాళ్లకు అవి నిజంగా అవసరమే. భిన్నాల కూడికకు రెండు స్థాయిలు చాలు: ఆనింది, ఆనలేదు.

ప్రొజెక్టర్‌కు కేబుల్ వద్దు, వైర్‌లెస్ ముద్దు. అతిథుల వైఫైలో ఒక పరికరం ఇంకోదాన్ని చూడకుండా అడ్డు పెట్టి ఉంటుంది. కాబట్టి ట్యాబ్లెట్ ప్రొజెక్టర్ కోసం వెతుకుతూనే ఉంటుంది, పిల్లలు గంట కోసం చూస్తూ ఉంటారు. ఒకవేళ దొరికినా గీత చేతి వెనకాల తాపీగా వస్తుంది. ఎవరైనా తెలివిగా అడాప్టరూ హెచ్‌డీఎంఐ కేబులూ తెస్తే కంగారు పడకండి. యూఎస్‌బీ-సి రంధ్రాలన్నీ బొమ్మను బయటికి పంపవు, పంపేదీ పంపనిదీ ఒకేలా కనిపిస్తాయి. అదీ కుదిరితే చివరి ఆయుధం డిస్‌ప్లే సెట్టింగ్. రెండు చోట్లా ఒకే బొమ్మ చూపే ‘డూప్లికేట్’ బదులు, ప్రొజెక్టర్‌ను వేరే తెరగా చూసే ‘ఎక్స్‌టెండ్’ పెట్టి ఉంచితే మాస్టారు తన తెర మీద పాఠమంతా రాస్తారు, తరగతి మొత్తం వాల్‌పేపర్ నోట్సు రాసుకుంటుంది.

నల్లబల్లకు ఇంకో దురలవాటు ఉంది. తొమ్మిదో వరుస రాస్తున్నప్పుడు కూడా మొదటి వరుసను చూపిస్తూనే ఉంటుంది. వెనకబడ్డ పిల్లవాడు తల పక్కకు తిప్పి అందుకుంటాడు. ట్యాబ్లెట్‌లో ఆ దొంగదారి మూసేయవచ్చు. పెద్దగా కనబడాలని జూమ్ చేస్తే తెర మీద నిలిచేవి మూడు నాలుగు వరుసలే. పైకి జరిపితే పాతవి పోతాయి. వాడు మూడో వరుసలో ఉంటాడు, పాఠం ఎనిమిదిలో ఉంటుంది. పేజీని రెండు నిలువు వరుసలుగా విడగొట్టి, జూమ్ ముట్టకుండా, లావు గీతతో రాసే ఉపాధ్యాయులు అక్కడక్కడా ఉన్నారు. వారిని శిక్షణకు పంపాలి.

అన్‌డూ బటన్ ఉపకారం ఇంతా అంతా కాదు. బల్ల మీద గుర్తు తప్పు వేస్తే అందరి ముందూ వెతికి, కొట్టేసి, సరిదిద్దాల్సి వచ్చేది. ఆ పదిహేను సెకన్లలో తప్పు ఎలా పట్టుకోవాలో పిల్లలు చూసి నేర్చుకునేవారు. ఇప్పుడు తప్పు ఆనవాలు లేకుండా మాయమవుతుంది, గురువుగారి పరువు దక్కుతుంది.

స్లయిడ్ల విషయంలో మాత్రం అప్రమత్తత అవసరం. స్లయిడ్‌లో ప్రశ్న మాత్రమే వేసి సగం ఖాళీ వదిలితే, మాస్టారు అక్కడ పెన్నుతో సాధించడం మొదలుపెడతారు. చేతిరాత వేగానికి పాఠం నెమ్మదిస్తుంది. నెమ్మదిస్తే పిల్లలు ఆలోచిస్తారు. కాబట్టి జవాబుతో సహా అంచుల దాకా నింపండి. పెన్నును ముఖ్యమైన మాట చుట్టూ ఎర్ర సున్నా చుట్టడానికి కేటాయించండి.

పిల్లల చేతికి పెన్నులు ఇవ్వడం అన్నిటికన్నా ప్రమాదం. పెన్ను వాడే విండోస్ ఎక్స్‌పీ ట్యాబ్లెట్ పీసీ ఎడిషన్ 2002లో వచ్చింది. తర్వాత కొద్ది ఏళ్లలోనే వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వారు క్లాస్‌రూమ్ ప్రెజెంటర్ అనే సాఫ్ట్‌వేర్ తయారుచేశారు. అందులో విద్యార్థి తన తెర మీద జవాబు రాసి పంపేవాడు. మాస్టారు కొన్నింటిని ఎంచుకుని, పేర్లు లేకుండా అందరికీ చూపించేవారు. సగం తరగతి ఒకే చోట తప్పటడుగు వేసిందని అప్పటికప్పుడే బయటపడేది! పరీక్షల దాకా భద్రంగా ఉండాల్సిన రహస్యం అది.

ఇక నిర్వహణ. పెన్ను మొన అరుగుతుంది, కాగితంలా గరుకు తగలాలని అంటించిన ఫిల్మ్ మీద మరింత త్వరగా. అదనపు మొనలు కొన్ని పెన్నులతోనే వస్తాయి. వాటిని ఖాళీ పెట్టెలతో పాటు పారేయండి.