మీరు ఒక్కరే కదా!

మనిషి చేతిలో ఉన్నదాన్ని చిరునవ్వుతో లాక్కోవడానికి ఇంతకన్నా పొదుపైన వాక్యం ఇంతవరకు పుట్టలేదు. మూడే మాటలు. పోయిన శుక్రవారం పొద్దున ఏడింటి నుంచి రాత్రి తొమ్మిదింటి లోపు ఈ వాక్యాన్ని పదకొండు సార్లు విన్నాను. లెక్కపెట్టుకోవడానికి తీరిక దొరికింది. ఒక్కదాన్నే కదా.

నేను డాలస్ పక్కన ఉంటాను. నాలుగు రోజులు సెలవు పెట్టి శాన్ డియేగో వెళ్లి, పసిఫిక్ ఎదుట కూర్చుని, ఎవరితోనూ మాట్లాడకుండా తిరిగి రావాలన్నది నా పథకం. భీమిలిలో పెరిగినవాళ్లకు ఏడాదికొకసారైనా ఉప్పుగాలి తగలకపోతే ఒంట్లో ఏదో తుప్పు పడుతుంది. నలభై ఆరేళ్ల మనిషిని, ఒక్కదాన్నే ఉంటున్నానా, ఒక్కదాన్నే ప్రయాణిస్తున్నానా అన్నది పాఠకులకు అనవసరం. అయినా అడుగుతారని తెలుసు.

టికెట్టు శనివారం పొద్దుటిది. శుక్రవారం రాత్రికి ఉత్తర టెక్సాస్ మీద గడ్డకట్టే వాన పడుతుందని, రోడ్లు అద్దాలవుతాయని బుధవారం నుంచే టీవీలు మొత్తుకున్నాయి. విమాన సంస్థ సందేశం పంపింది: అదనపు రుసుము లేకుండా శుక్రవారానికి మారవచ్చునట. మారాను. నాతోపాటు డాలస్‌లో సగం మంది మారారు. మిగతా సగం ఇండియన్ కిరాణా దుకాణంలో పెరుగు బకెట్ల కోసం పోట్లాడుకుంటున్నారు. ఈ జాతికి మంచు తుపాను వస్తుందనగానే మొదట గుర్తొచ్చేది పెరుగన్నమే.

నవ్వుతున్నాను కానీ, ఇక్కడ తుపాను హెచ్చరిక నవ్వులాట కాదు. 2021 ఫిబ్రవరిలో లక్షల ఇళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. 246 మంది చనిపోయారని రాష్ట్ర ప్రభుత్వమే లెక్క చెప్పింది. అదే వారంలో ఈ రాష్ట్ర సెనేటర్ టెడ్ క్రూజ్ గారు విమానమెక్కి మెక్సికోలోని కాన్కూన్ వెళ్లి, దేశమంతా దుమ్మెత్తిపోశాక మర్నాడే వెనక్కి వచ్చారు. ఆయన్ని ఎన్నెన్నో మాటలన్నారు గానీ, ఒక్క మాట మాత్రం ఎవరూ అనలేకపోయారు. సకుటుంబంగా వెళ్లారు కాబట్టి.

పొద్దున సూట్‌కేసు సర్దుతుండగా భీమిలి నుంచి పెద్దమ్మ ఫోను.

“తుపాను ముందర ఒక్కదానివే బయల్దేరడమేమిటే? హుద్‌హుద్ నాడు మేము పధ్నాలుగు మందిమి ఒక్క గదిలో కూర్చున్నాం!”

పెద్దమ్మ లెక్కలో తుపాను కూడా పెళ్లి లాంటిదే. బంధువులు లేకుండా జరిగితే ఊళ్లో ఏమనుకుంటారు?

విమానాశ్రయం చేరేసరికి ఎండ ఫెళ్లున కాస్తోంది. చొక్కా చేతులు మడుచుకున్న మనుషులు, చంకలో ఉన్ని కోట్లు. తనిఖీ వరసలో నా వెనక ఆరుగురి కుటుంబం. “మీరు ఒక్కరే కదా, మమ్మల్ని ముందు వెళ్లనిస్తారా?” అన్నాడు ఇంటిపెద్ద. ఈ గణితం నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. నేను ముందు వెళితే వాళ్లకు పోయేది ఒక మనిషి సమయం. వాళ్లు ముందు వెళితే నాకు పోయేది ఆరుగురి సమయం, రెండు తోపుడు బండ్లు, ఒక పాలసీసా మీద విచారణ. అయినా తప్పుకున్నాను. అప్పటికి ఇంకా రెండోసారే.

గేటు దగ్గర సీట్లకన్నా మనుషులు ఎక్కువయ్యారు. ఎవరైనా స్వచ్ఛందంగా దిగిపోతే వోచరు ఇస్తామని ప్రకటించారు. అమెరికాలో టికెట్టున్న మనిషిని బలవంతంగా ఆపేస్తే చట్టప్రకారం నష్టపరిహారం డబ్బు రూపంలో చెల్లించాలి. మనంతట మనమే దిగితే వాళ్లిచ్చిందే పరిహారం. అందుకే విమాన సంస్థలకు త్యాగమంటే అంత గౌరవం. కౌంటరు అమ్మాయి గుంపునంతా కలియజూసి తిన్నగా నా దగ్గరికే వచ్చింది.

“మీరు ఒక్కరే కదా, మంగళవారం వెళ్లకూడదా? అక్కడ మీకోసం ఎవరైనా ఎదురు చూస్తున్నారా?”

“సముద్రం” అన్నాను. ఆ అమ్మాయి దాన్ని కారణంగా నమోదు చేసుకోలేదు.

రావలసిన విమానం ఆలస్యం. ఎక్కేసరికి నాలుగున్నర దాటింది, ఉత్తరాన ఆకాశం సీసం రంగుకు తిరిగింది. నాది 7ఎ, కిటికీ సీటు. నలభై ఒక్క డాలర్లు అదనంగా పోసి కొనుక్కున్నది. బెల్టు పెట్టుకున్నాను. 7బి లోని పెద్దమనిషి గొంతు సవరించుకున్నాడు.

“మా ఆవిడకు 24ఇ వచ్చింది. మీరు ఒక్కరే కదా...”

దాంపత్యానికి అడ్డు పడటం పాపమని చిన్నప్పుడు విన్నాను. లేచాను. 24ఇ మధ్య సీటు. అక్కడ కూర్చుని ఊపిరి తీసుకునేలోగా 24డి కుర్రవాడు, తన స్నేహితుడు 28బి లో ఉన్నాడని, ఇద్దరూ పేకాడుకుంటామని విన్నవించుకున్నాడు. పేకాట కూడా ఒక బంధమే. 28బి కి వెళ్లాను. అక్కడ పక్క సీటు ముసలావిడ కాళ్ల దగ్గర సంచీలో ఒక కుక్కపిల్ల. దానికి కొత్తవాళ్లంటే భయమట. తన అక్క 31ఇ లో ఉందట, కుక్కకు ఆవిడ అలవాటట. కుక్క నావైపు చూసింది. దాని కళ్లలో కూడా అదే వాక్యం కనిపించింది.

ఈలోగా ప్రతి సీటు మార్పుకూ పైనున్న సామాను కిందికి, కిందున్నది పైకి. విమానంలో కుర్చీలాట నడుస్తోంది, పాట లేకపోవడం ఒక్కటే లోటు. మైకులో కెప్టెన్ బతిమాలుతున్నాడు: అందరూ కూర్చుంటే తప్ప విమానం గేటు నుంచి కదలదు, మంచు వచ్చేస్తోంది. ఒక భర్త ప్రేమ, ఒక పేకముక్కల కట్ట, ఒక శునకం మనశ్శాంతి కుదుటపడేదాకా సుమారు నూట డెబ్బై మంది తుపానుకు ఎదురు చూశారు.

31ఇ చేరాను. పక్కన కిటికీ సీట్లో నాలుగేళ్ల పాప. ఒక్కతే. బెల్టు పెట్టుకోవడం రాక దాని కొసను నోట్లో పెట్టుకుంది. నడవలో వాళ్లమ్మ నిలబడి ఉంది. ఆవిడ సీటు 33బి, మరుగుదొడ్డి గోడనానుకుని చిట్టచివరి వరస. ఆవిడ నన్ను ఒక్కరే కదా అనలేదు. క్షమించండి, క్షమించండి అంటోంది. ఎవరూ అడగకుండానే లేచాను. ఆవిడ ఏడ్చేసింది.

అప్పుడు మైకులో సిబ్బంది గొంతు: “మంచి మనసుతో సీట్లు మార్చుకున్న ప్రయాణికులకు ధన్యవాదాలు.”

మంచి మనసట! మంచి మనసు మాది, రుసుము వాళ్లది. నాలుగేళ్ల పిల్లను తల్లికి రెండు వరసల అవతల కూర్చోబెట్టింది ఎవరు? తుపానా? దేవుడా? ఇద్దరికీ ఒకేసారి టికెట్టు అమ్మిన కంప్యూటర్‌కు ఆ పిల్ల వయసు తెలియదా? పుట్టినతేదీ అడిగే కదా అమ్మింది! తెలుసు. తెలిసే విడదీసింది, పక్కపక్కన కావాలంటే ఇంకో డెబ్బయ్యో ఎనభయ్యో కట్టమని. కట్టలేని తల్లి చవక టికెట్టు కొంది. ఆ తల్లి చేత నడవలో ముక్కూ మొహం తెలియనివాళ్లను అడుక్కునేలా చేయడం సిగ్గులేని వ్యాపారం. వేరే పేరు వెతకనక్కరలేదు. పైగా ఆ పాపం కడుక్కోవడానికి నలభై ఒక్క డాలర్లు పోసి సీటు కొన్న నేను కావాలి. ఒకే తగాదాను రెండువైపులా అమ్ముకుని, తీర్పు మాకు వదిలేసి, మైకులో ధన్యవాదాలు!

మన దేశంలో పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2024 ఏప్రిల్‌లో విమాన సంస్థలకు చెప్పింది: పన్నెండేళ్ల వరకు వయసున్న పిల్లలకు, అదే బుకింగులో ఉన్న తల్లిదండ్రుల్లో కనీసం ఒకరి పక్కన సీటు ఇవ్వండని. మన విమానాశ్రయాలను చూసి ముక్కు విరిచే ప్రవాసులు (నేనూ విరిచాను) ఈ ముక్క గుర్తుంచుకోవాలి. అమెరికా రవాణా శాఖ అదే ఏడాది ఆగస్టులో, పదమూడేళ్ల వరకు వయసున్న పిల్లలకు అలాంటి సీటు ఉచితంగా ఇవ్వాలని ప్రతిపాదించింది. ప్రతిపాదనలో సీటు దొరికితే ఎవరికి కావాలి? నేనున్నది 33బి లో.

విమానం కదిలే సమయానికి సన్నటి మంచువాన మొదలైంది. రెక్కల మీద మంచు కరిగించడానికి వరసలో ఆపారు. నేను కిటికీ సీటు కొన్నది సగం దీనికే. బుట్టలున్న లారీలు వచ్చి, ముందు వేడివేడి నారింజరంగు ద్రవంతో విమానాన్ని కడుగుతాయి. ఆ తర్వాత కొత్త మంచు అంటకుండా చిక్కటి ఆకుపచ్చ ద్రవం పూస్తాయి. పెళ్లికూతురికి నలుగు పెట్టినంత శ్రద్ధగా. దాని ప్రభావం తగ్గేలోగా ఎగరాలి, లేకపోతే మళ్లీ స్నానం మొదటికొస్తుంది. ఇదంతా నేను విని తెలుసుకున్నదే. 33బి నుంచి నాకు కనిపించింది మరుగుదొడ్డి తలుపు మీది దీపం. ఎరుపు, ఆకుపచ్చ. నారింజ లేదు.

ఎగిరిన గంటకు 7బి పెద్దమనిషి అదే తలుపు దగ్గర వరసలో నిలబడి నన్ను గుర్తుపట్టాడు.

“చాలా థాంక్సండీ. మా ఆవిడ కళ్లకు గంతలు కట్టుకుని హాయిగా నిద్రపోతోంది. తనకు వెలుతురు పడదు, కిటికీ మొదట్లోనే మూసేశాం.”

శాన్ డియేగోలో హోటలు గదికి మాత్రం ఇద్దరి అద్దె కట్టాను. ఒక్కదాన్నే కదా అంటే, గదికి ఒకటే ధర అన్నారు. డబ్బు తీసుకునేచోట ఆ వాక్యం చెల్లదు.

తొమ్మిదింటికి సముద్రం ఒడ్డున ఒక భోజనశాల. “ఒక్కరేనా?” అంటూనే కుర్రవాడు వంటింటి తలుపు పక్క బల్ల వైపు చెయ్యి చూపించాడు.

“ఇద్దరం” అన్నాను.

“రెండోవారు ఎప్పుడొస్తారు?”

“డాలస్‌లో మంచు తుపాను. విమానం ఆలస్యం.”

అతని మొహం జాలితో మెత్తబడింది. అలలు కనిపించే కిటికీ పక్క బల్ల ఇచ్చాడు. రెండు పళ్లేలు, రెండు గ్లాసుల మంచినీళ్లు పెట్టాడు. గంటసేపట్లో మూడుసార్లు వచ్చి, ఏమైనా కబురు తెలిసిందా అని గొంతు తగ్గించి అడిగాడు. ఇంకా రన్‌వే మీదే ఉన్నారని చెప్పాను.

రెండు గ్లాసులూ నేనే తాగాను.