కూలిన చెట్టు, నిలబెట్టిన ఫొటో

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి చెట్టు కూలిందో లేదో తెలుసుకోవడానికి రెండు పద్ధతులున్నాయి. మొదటిది, తల తిప్పి చూడటం. రెండోది, ఆ చెట్టుని ఫొటో తీసి, ఆరడుగుల ఫ్లెక్సీ మీద ప్రింటు కొట్టించి, స్టాండుకి బిగించి, పైన షామియానా వేసి, కింద తివాచీ పరిచి, దాని ముందుకి నాయకుణ్ని తీసుకొచ్చి నిలబెట్టడం. మొదటి పద్ధతి మనలాంటి పామరులది. ప్రభుత్వాలు ఏనాడూ దాన్ని నమ్మలేదు.

తుపాను వెళ్లిపోయాక మన నాయకులు చేసే పనుల్లో చాలావాటి మీద నాకు కోపం ఎప్పుడో చచ్చిపోయింది. హెలికాప్టర్‌లో తిరుగుతారు, తిరగనివ్వండి, పైనుంచి చూస్తే కొబ్బరి తోటకీ వరి చేనుకీ తేడా తెలియకపోయినా గాలి చల్లగా ఉంటుంది. పదికిలోల బియ్యం సంచిని పదకొండు మంది పట్టుకుని ఒక ముసలమ్మ చేతిలో పెడుతూ, ముసలమ్మని వదిలేసి కెమెరాని చూస్తారు. అదీ అలవాటైపోయింది. కానీ ఈ ఫొటో ఎగ్జిబిషన్ ఉంది చూశారూ, దాని దగ్గరికొచ్చేసరికి మాత్రం ఒళ్లు మండిపోతుంది.

మా పక్క ఊళ్లో జరిగింది చెబుతాను. ఏ తుపాను అని అడక్కండి. తుపాను పేరు చెబితే సంవత్సరం తెలిసిపోతుంది, సంవత్సరం తెలిస్తే పార్టీ తెలిసిపోతుంది, అప్పుడు మీలో సగం మంది చదవడం ఆపేసి తిట్టడం మొదలుపెడతారు. ఈ ఒక్క విషయంలో మాత్రం మన పార్టీలన్నీ ఒకే టెంట్ హౌస్ నుంచి టెంట్ తెప్పిస్తాయి కాబట్టి ఎవరికీ అన్యాయం జరగదు.

ఊళ్లో కరెంటు పోయి తొమ్మిదో రోజు. రోడ్డుకి అడ్డంగా పడ్డ చెట్లు తీయించమని జనం మొదటి రోజు నుంచీ మొత్తుకుంటున్నారు. అదే ఊళ్లో వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్లాల్సిన మనిషి ఒకాయన ఉన్నాడు. కిడ్నీ జబ్బుల ఉద్దానం గురించి తెలిసినవాళ్లకి ఇది వింతగా అనిపించదు. ఆయన్ని మంచం మీద పడుకోబెట్టి, నలుగురు కుర్రాళ్లు మోసుకుంటూ, పడ్డ చెట్ల మీంచి ఎక్కి దిగుతూ మెయిన్ రోడ్డు దాకా తీసుకెళ్లారు. జేసీబీ లేదన్నారు. డీజిల్ లేదన్నారు. డ్రైవరు సెలవులో ఉన్నాడన్నారు. పెద్దాయన పర్యటన ఖరారైన గంటకి, ఒకటి కాదు, రెండు జేసీబీలు వచ్చాయి. డ్రైవరుకి సెలవు రద్దయింది కాబోలు. మధ్యాహ్నానికల్లా దారి అద్దంలా ఉంది.

టెంట్ వేయడానికి బాగా నష్టపోయిన తోట ఒకటి చూసి ఎంపిక చేశారు. నష్టం బాగా కనిపించాలని. అయితే నష్టం మరీ ఎక్కువగా ఉండటంతో టెంట్‌కి చోటు లేకపోయింది. అందుకని పడ్డ చెట్లని కోయించి, పక్కకి లాగించి, నేల చదును చేయించి, అక్కడ షామియానా వేశారు. నాలుగు పక్కలా సరుగుడు కర్రలు పాతి తాడు కట్టారు. తాడుకి అవతల ఊరు, ఇవతల ఊరి ఫొటోలు.

పెద్దాయన వచ్చారు. ఒక ఆఫీసరు గారు చేతిలో చిన్న కర్ర పట్టుకుని, పాఠం చెప్పే మాస్టారిలా, మొదటి ఫొటో దగ్గర మొదలుపెట్టారు.

"ఇదేంటి?"

"కొబ్బరి చెట్టు సార్."

"పడిపోయిందా?"

"పడిపోయింది సార్."

"అయ్యో. ఎక్కడిది?"

ఆఫీసరు గారి కర్ర ఒక్క క్షణం గాల్లో ఆగింది.

"ఇక్కడిదే సార్."

"ఇక్కడంటే?"

"ఈ టెంట్ ఉన్నచోటే సార్. టెంట్ వేయడానికని నిన్న తీయించేశాం."

పెద్దాయన తల పంకించారు. అర్థమైనట్టే ఉంది. రెండో ఫొటోలో జీడి తోట, మూడో ఫొటోలో విరిగిన కరెంటు స్తంభం, నాలుగో ఫొటోలో ఒక కూలిన ఇల్లు. ఇంటి ఫొటో దగ్గర ఆయన కాస్త ఎక్కువసేపు నిలబడ్డారు. చెయ్యి చాపి ఫ్లెక్సీలో పడిపోయిన గోడని తాకారు కూడా. కెమెరాలు చిటపటలాడాయి. సరిగ్గా అప్పుడే తాడుకి అవతల నుంచి ఒక ముసలమ్మ పిలిచింది.

"బాబూ, ఆ ఫొటోలో ఇల్లు నాదే బాబూ. ఓపాలి ఎనక్కి తిరిగితే కనిపిస్తాది."

ఎవరూ వెనక్కి తిరగలేదు. "అమ్మా, వినతిపత్రం ఉంటే అక్కడ ఇవ్వమ్మా" అని ఒక కానిస్టేబుల్ ఆవిణ్ని మెల్లిగా పక్కకి జరిపాడు. ఇల్లు వినతిపత్రం రాసుకోలేదు. రాసుకున్నా, కాగితం తడిసిపోయి ఉండేది.

టెంట్ వెనకాల ఒక జనరేటర్ ఉంది. మైకుకీ, రెండు కూలర్లకీ. ఊరి కుర్రాళ్లు అదను చూసి దాని ఎక్స్‌టెన్షన్ బోర్డుకి ఫోన్ చార్జర్లు గుచ్చేశారు. పెద్దాయన ఉన్న ముప్పావుగంటా ఫోన్లు చార్జి అయ్యాయి. ఆ పర్యటన వల్ల ఊరికి అందిన తక్షణ సాయం అదే. ఆయన ఇంకో గంట ఉండి ఉంటే పవర్ బ్యాంకులకి కూడా న్యాయం జరిగేదని కుర్రాళ్ల అభిప్రాయం.

మర్నాడు అన్ని పేపర్లలోనూ ఫొటో వచ్చింది. నష్టం ఫొటో కాదు, నష్టం ఫొటోలని పెద్దాయన చూస్తున్న ఫొటో. నెల తిరిగాక ఢిల్లీ నుంచి కేంద్ర బృందం వచ్చినప్పుడు మళ్లీ టెంట్, మళ్లీ స్టాండ్లు. ఈసారి వరసలో మొట్టమొదట ఏ ఫొటో పెట్టారో ఊహించండి. పెద్దాయన ఫొటోలు చూస్తున్న ఫొటో. కేంద్ర బృందం దాన్ని శ్రద్ధగా చూసింది. వాళ్లు చూస్తుండగా ఫొటో తీశారు. ఇలాగే ఇంకో రెండు మూడు బృందాలు వస్తే చివరి ఫొటోలో కొబ్బరి చెట్టు ఆవగింజంత కూడా మిగలదు.

ఎగ్జిబిషన్ అవసరమేనని ఒక రెవెన్యూ ఉద్యోగి నాతో వాదించాడు. మంచివాడు, అబద్ధం చెప్పే మనిషి కాదు. "కేంద్ర బృందం వచ్చేసరికి చెట్లు ఎక్కడుంటాయండీ? రైతు కోసి కట్టెలకి అమ్మేసుకుంటాడు, దుక్కి దున్నేస్తాడు. అప్పుడు మాకు సాక్ష్యం ఫొటోలే కదా" అన్నాడు. నిజమే. చూడటానికి రావాల్సినవాళ్లు నష్టం ఆనవాళ్లు చెరిగిపోయాకే వస్తారు గనక ఫొటో కావాలి. ఒప్పుకుంటున్నాను. ఆ మాట దగ్గరికి మళ్లీ వస్తాను.

మా తీరానికి తుపాన్లు చుట్టాల్లాంటివి, పైగా తేదీ తప్పని చుట్టాలు. పైలిన్ 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటి ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట తోటల్ని ఊపేసింది. ఏడాది తిరిగేసరికి, 2014లో మళ్లీ అక్టోబరు 12నే, హుద్‌హుద్ విశాఖలో దిగి ఇటు మా దాకా వాయించింది. తిత్లీ 2018లో ఒక్కరోజు ముందొచ్చింది, అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర, గంటకి 140 నుంచి 150 కిలోమీటర్ల గాలితో. గులాబ్ 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం వైపు వచ్చింది. తిత్లీ అంటే సీతాకోకచిలుకట, గులాబ్ అంటే గులాబీయట. పేర్లకేం, ముద్దుగానే ఉంటాయి. ఇంత సమయపాలన ఉన్న చుట్టాల కోసం ప్రతిసారీ కొత్త టెంట్, కొత్త ఫ్లెక్సీలు ఎందుకన్నది నా ప్రశ్న. పలాసలోనో సోంపేటలోనో ఒక శాశ్వత భవనం కట్టి, కూలిన చెట్టు, కూలిన ఇల్లు, విరిగిన స్తంభం, మునిగిన చేను అని నాలుగు మంచి ఫొటోలు ఫ్రేమ్ కట్టించి పెట్టేస్తే సరిపోదా? తుపాను పేరు రాసిన స్టిక్కర్ ఒక్కటి మారిస్తే చాలు. చెట్లు అన్ని తుపాన్లకీ ఒకేలా పడతాయి. నాయకులు కూడా ఒకేలా "అయ్యో" అంటారు.

ప్రోటోకాల్ లేకుండా మా తీరానికి వచ్చిన రథం నాకు తెలిసి ఒక్కటే. 2022 మేలో అసని తుపానప్పుడు సంతబొమ్మాళి మండలం సున్నాపల్లి రేవుకి బంగారు రంగు రథం ఒకటి సముద్రంలో కొట్టుకొచ్చింది. కాన్వాయ్ లేదు, జేసీబీలు లేవు, ఎవరి ఇంటి ఫొటోనూ అడగలేదు. జనం తాళ్లు కట్టి ఒడ్డుకి లాక్కున్నారు. తాడు జనం చేతుల్లో ఉన్న పర్యటన అదొక్కటే.

నాయకులు రాకపోతే రాలేదంటారు, వస్తే వచ్చారంటారు అని మీరు నన్ను తప్పుపట్టొచ్చు. తిత్లీ అప్పుడు ముఖ్యమంత్రిగా ఉన్న చంద్రబాబు గారు పలాసలో రోజుల తరబడి మకాం వేశారు. ప్రతిపక్ష నేతగా ఉన్న జగన్ గారు పక్కనే విజయనగరం జిల్లాలో పాదయాత్రలో ఉన్నారు. ఒకాయన వచ్చి కూర్చున్నదెందుకని వీళ్లు, ఇంకొకాయన ఇంత దగ్గర ఉండీ రాలేదేమని వాళ్లు. ఆ గొడవలో చెట్టు సంగతి వినపడలేదు. పడిన కొబ్బరి చెట్టుకి పరిహారం 1500 రూపాయలని ఒక ప్రభుత్వం లెక్క కట్టింది. 2019లో ప్రభుత్వం మారాక 3000 అన్నారు. పడిన చెట్టు అదే, ఆకు కూడా కదల్లేదు, ధర మాత్రం రెట్టింపైంది. నాటిన కొబ్బరి మొక్క సరిగ్గా కాపుకి రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. ప్రభుత్వం కాలపరిమితి ఐదేళ్లు. అంటే ఒక మొక్క తొలి కాయ కాసేలోపు కనీసం ఒక ఎన్నిక, అదృష్టం బాగుంటే ఒక తుపాను, తప్పకుండా ఒక ఎగ్జిబిషన్.

ఇప్పుడు ఆ ఫొటో సాక్ష్యం మాట దగ్గరికి వస్తాను.

ఆ టెంట్ వేసిన తోట రైతు ఉన్నాడు కదా. అతని చెట్లు తీయించింది అధికారులే. వారం తర్వాత నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్లు తోటంతా తిరిగి, టెంట్ వేసిన ఆ మేర ఖాళీగా ఉందని చెట్లు లెక్కలో రాయలేదు. "ఇక్కడ చెట్లుండేవి బాబూ, మీవోళ్లే కొట్టేసినారు" అన్నాడు. "ఉంటే కనపడాలి కదా" అన్నారు. అతను ఫోను తీసి ఫొటోలు చూపించాడు. తుపాను వెళ్లిన పొద్దున తీసుకున్నవి, ఒక్కో చెట్టూ విడివిడిగా. "ఫొటోలు చెల్లవు" అన్నారు.

ఫొటోలు చెల్లవు!

ఆరడుగుల ఫ్లెక్సీ మీద అదే చెట్టు ఫొటో చెల్లింది. పెద్దాయనకి చెల్లింది, ఢిల్లీ నుంచి వచ్చినవాళ్లకి చెల్లింది, పేపర్లకి చెల్లింది. ఆ చెట్టుకి నీళ్లు పోసి పెంచినవాడి ఫోన్లో ఉంటే మాత్రం చెల్లదు. మీరు చూడాలంటే ఫొటో చాలు, వాడికి ఇవ్వాలంటే చెట్టు కావాలి. చెట్టు ఉంటే అదైనా ఒప్పుకుంటారా? నేలకూలితేనే నష్టం అంటారు. సగం వంగి నిలబడితే నష్టం కాదట. గాలికి మొవ్వు మెలితిరిగిపోయిన చెట్టు పైకి పచ్చగానే ఉంటుంది, మూడు నెలలకి పైనుంచి కుళ్లుకుంటూ చస్తుంది. ఉద్దానంలో పదేళ్ల పిల్లాడికి కూడా తెలుసు ఆ సంగతి. మీకు తెలీదా? అప్పటికి మీ లిస్టు మూసేసి ఉంటుంది, అంతే కదా. వరిచేనుకైతే 33 శాతం పోతేనే పోయినట్టు. 32 శాతం పోయినవాడు ఏం చేయాలి, ఇంకో ఒక్క శాతం కోసం వచ్చే తుపాను దాకా ఆగాలా? పట్టాదారు పాసుపుస్తకం చనిపోయిన తండ్రి పేరు మీద ఉంటే, డబ్బు తీసుకోవడానికి తండ్రి లేచి రావాలా? కౌలుకి చేసేవాడి పేరు ఏ కాగితం మీదా ఉండదు, వాడు పోగొట్టుకున్నది ఏ ఫొటోలోనూ పడదు. నష్టం వివరాలు యాప్‌లోకి ఎక్కించాలంటే సిగ్నల్ ఉండాలి, సిగ్నల్‌కి టవర్ ఉండాలి, టవర్‌కి కరెంటు ఉండాలి. కరెంటు జనరేటర్‌లో వచ్చింది. వచ్చి, రెండు కూలర్లు తిప్పి వెళ్లిపోయింది.

తొమ్మిది రోజులు మోటార్లు తిరగలేదు ఆ ఊళ్లో. కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇన్నేళ్లయినా తేల్చలేని నేల మీద, ఆడవాళ్లు కప్పులేని పాత నూతుల్లోంచి నీళ్లు తోడుకుని తాగారు. పెద్దాయన ముందు బల్ల మీద మాత్రం సీలు తీయని నీళ్ల సీసాలు ఆరు ఉన్నాయి. ఆయన ఒకటి తాగారు. మిగతా ఐదూ మళ్లీ బండిలోకి ఎక్కించారు. నేను లెక్కపెట్టాను.

సరే. గొంతు పెంచినందుకు క్షమించాలి, ఇది పెద్దమనుషులు చదివే చోటు.

ఎగ్జిబిషన్ అయిపోయిన రాత్రి ఫ్లెక్సీలన్నీ మాయమయ్యాయి. టెంట్ హౌస్ వాడు స్టాండ్లు లెక్క చూసుకున్నాడు కానీ ఫ్లెక్సీల గురించి ఎవరూ అడగలేదు. టార్పాలిన్లు వస్తాయన్నారు, రాలేదు. జనం రాకపోయిన టార్పాలిన్ కోసం ఎంతకాలమని ఎదురుచూస్తారు, వచ్చిన ఫ్లెక్సీ తీసుకున్నారు. జీడి తోట ఫొటో ఒకళ్ల వంటింటి మీదకెళ్లింది. విరిగిన కరెంటు స్తంభం ఒక గొడ్లసాల మీదకెళ్లింది. పోయిన వారం ఆ ముసలమ్మ ఇంటివైపు వెళ్లాను. కూలిన గోడకి తాటాకులు అడ్డంకట్టి, కప్పు మీద ఫ్లెక్సీ పరిచి, ఎగిరిపోకుండా చుట్టూ రాళ్లు పెట్టుకుంది. అది ఆవిడ ఇంటి ఫొటోయే. బొమ్మ లోపలికి ఉంటే రంగు వెలిసిపోకుండా ఉండును కదా, పైకి పరిచావేంటి అప్పా అని అడిగాను.

"ఉండనీ బాబూ" అంది. "ఎప్పుడూ పైనుంచే కదా సూస్తారు. ఈపాలి ఎలికాప్టర్లో ఎల్తే కనిపిస్తాది."