తలుపు మూశాక తొంభై నిమిషాలు... ఆ తర్వాత?

2024 జనవరిలో ముంబయి విమానాశ్రయంలో, విమానం పక్కనే నేలమీద చతికిలబడి పొట్లాలు విప్పుకుని తింటున్న ప్రయాణికుల వీడియో చూడనివాళ్లు తక్కువ. గోవా నుంచి ఢిల్లీ వెళ్లాల్సిన ఇండిగో విమానం అది. ముందే గంటల తరబడి ఆలస్యం, పైగా ఢిల్లీలో పొగమంచు అని ముంబయికి మళ్లించి టెర్మినల్‌కు దూరంగా నిలిపారు. విసిగిపోయిన జనం దిగి కూర్చున్నారు. దేశమంతా గోల అయ్యాక ఇండిగోకు 1.20 కోట్లు, ముంబయి విమానాశ్రయానికి విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ, విమానయాన భద్రతా విభాగం కలిపి 90 లక్షలు జరిమానా వేశాయి. బాగానే ఉంది, కానీ అందులో పెద్ద వాటా వేసింది విమానయాన భద్రతా విభాగం. అంటే గొడవ ప్రయాణికుల ఆకలి గురించి కన్నా, వాళ్లు కూర్చోకూడని చోట కూర్చోవడం గురించే ఎక్కువ. జరిమానా సొమ్ము కూడా ఖజానాకే!

ఆ తర్వాత కొంత కదలిక వచ్చింది, కాదనలేం. ఆలస్యమైతే ప్రయాణికుల్ని మళ్లీ టెర్మినల్‌లోకి దించడానికి భద్రతా విభాగం వీలు కల్పించింది. అదే ఏడాది నవంబరులో, మన శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు విమానయాన మంత్రిగా ఉండగా, పొగమంచు కాలం ముందు విమాన సంస్థలకు ఒక సూచన వెళ్లింది: జనాన్ని విమానంలో 90 నిమిషాలకు మించి కూర్చోబెట్టొద్దు, దాటితే దించేయండి అని. మంచి మాటే. అయినా కూర్చోబెడితే శిక్షేంటి?

ఇక్కడే మా పేచీ. డీజీసీఏ నిబంధనల్లో విమానం రద్దయితే, సీటు ఇవ్వకపోతే పరిహారం ఉంది. ఆలస్యానికి మాత్రం టిఫినో భోజనమో, ఆరు గంటలు దాటితే వేరే విమానం లేదా టికెట్ డబ్బులు వాపసు, మరీ ఎక్కువైతే హోటల్ గది. చేతికి పరిహారంగా రూపాయి లేదు. సంస్థకు నొప్పి లేనప్పుడు తలుపు ఎందుకు తెరుస్తుంది? తెరిస్తే టేకాఫ్ క్యూలో వంతు పోతుంది, ఎవరైనా తిరిగి ఎక్కకపోతే వాళ్ల లగేజీ వెతికి దించాలి, సిబ్బంది డ్యూటీ గంటలు అయిపోతే ఇంకో తలనొప్పి. ఇంకో తమాషా ఏమిటంటే, విమానం నిలిపిన చోటు నుంచి కదిలిందంటే చాలు బయల్దేరినట్టే లెక్క. రన్‌వే దగ్గర రెండు గంటలు నిలబడ్డా కాగితం మీద అది టైముకి వెళ్లిన విమానమే.

లోపల సంగతి వేరు. ఏసీ అంతంత మాత్రం, పైన చిన్న రంధ్రంలోంచి గోరువెచ్చని గాలి, చంటిపిల్లల ఏడుపు, బాత్రూం దగ్గర క్యూ, నీళ్లడిగితే ఒక చిన్న గ్లాసు. ఎప్పుడు కదులుతుందని అడిగితే 'ఏటీసీ క్లియరెన్స్ రావాలి సార్' అన్న ఒకే జవాబు. అంటే విమానాల రాకపోకల్ని నియంత్రించే కేంద్రం అనుమతి అన్నమాట. మంచు పడితే గన్నవరం రావాల్సిన విమానం గాల్లో చక్కర్లు కొట్టి శంషాబాద్ వెళ్లడం మనకు కొత్త కాదు, కాబట్టి ఇదంతా ఢిల్లీ వాళ్ల గోల అనుకోనక్కర్లేదు.

జనాన్ని ఇలా విమానంలో బంధించకుండా అమెరికాలో గట్టి నిబంధన ఉంది. అదీ ఊరికే రాలేదు. 2009 ఆగస్టులో మినెసోటాలోని రోచెస్టర్‌లో, ఉరుముల గాలివాన వల్ల మళ్లించిన చిన్న విమానంలో 47 మందిని రాత్రంతా, దాదాపు ఆరు గంటలు, టెర్మినల్ కళ్లముందు కనిపిస్తుండగానే బంధించారు. మరుసటి ఏడాది ఏప్రిల్ నుంచి నిబంధన అమల్లోకి వచ్చింది: దేశీయ విమానమైతే మూడు గంటల్లోపు దిగే అవకాశం ఇవ్వాలి, రెండు గంటల్లోపు తిండీ నీళ్లూ పెట్టాలి, మరుగుదొడ్లు పనిచేయాలి. తప్పితే జరిమానా ప్రయాణికుడి తలకింత చొప్పున లెక్కకొస్తుంది. 2023లో 43 విమానాల విషయంలో అమెరికన్ ఎయిర్‌లైన్స్‌కు 41 లక్షల డాలర్లు పడింది. ఇలా బిగిస్తే విమానాలు రద్దు చేస్తారన్న వాదనను పూర్తిగా కొట్టేయలేం, కొన్ని రద్దవుతాయి కూడా. రద్దయితే కనీసం ఇంటికైనా పోవచ్చు కదా!

కాబట్టి కేంద్రాన్ని మేము అడిగేది చిన్నదే. ఆ 90 నిమిషాలను సూచనగా వదిలేయకుండా డీజీసీఏ నిబంధనల్లోకి ఎక్కించండి. గడియారం తలుపు మూసిన క్షణం నుంచి నడవాలి. దాటిన ప్రతి గంటకూ ప్రతి ప్రయాణికుడి ఖాతాలో ఇంత అని అంకె వేయండి, అది టికెట్ కొన్న కార్డుకే తిరిగి పడాలి, ఫారాలు నింపించి తిప్పించుకోకుండా. పొగమంచును సంస్థలు ఆపలేవని మాకూ తెలుసు. మంచు ఉందని తెలిసీ జనాన్ని ఎక్కించి తలుపు మూయకుండా మాత్రం ఆపుకోగలవు.