స్క్రాప్‌బుక్ పిల్లల చేతికే వదిలేద్దాం

స్క్రాప్‌బుక్ అంటే ఇప్పుడు చాలా ఇళ్లలో జరిగేది ఇదే: స్టేషనరీ షాపులో రవాణా సాధనాల చార్ట్ కొనడం, బస్సునీ ఓడనీ కత్తిరించడం, అతికించి కింద పేర్లు రాసేయడం. మా పాప రెండో తరగతిలో ఉన్నప్పుడు అలాంటిదొకటి రాత్రి పదింటికి నేనే చేసిచ్చాను. స్టార్ వచ్చింది. పాప మాత్రం ఆ పుస్తకం మళ్లీ తెరవలేదు.

ఏది ఉంచాలి, ఏది పక్కన పెట్టాలి అని పిల్లలు తేల్చుకునే ఆ కాసేపట్లోనే అసలు చదువు జరుగుతుందని నా నమ్మకం. మన ఫోన్లలో వేల ఫొటోలున్నా ఎవరూ తీసి చూడరు, ఎందుకంటే అక్కడ దేన్నీ వదులుకోవాల్సిన పని లేదు. పేజీలో పట్టేవి నాలుగే.

మేముండే బెంగళూరులో కార్తీక మాసం చివరి సోమవారం బసవనగుడిలో, దొడ్డ బసవన్న గుడి దగ్గర కడలెకాయి పరిషె, అంటే వేరుశనగ జాతర, జరుగుతుంది. పోయినసారి పాపను తీసుకెళ్లాం. రోడ్డుకు రెండు పక్కలా వేరుశనగ కుప్పలే. ఇంటికొచ్చాక జేబులోంచి రెండు తొక్కలు తీసి అతికిస్తానంది. గమ్‌కి నిలవకపోతే దారంతో కుట్టింది. కింద ఏం రాయాలన్న దగ్గర ఆగిపోయింది. ఇక్కడివాళ్లు కడలెకాయి అంటారు, నేను వేరుశనగ అంటాను, అనంతపురం నుంచి వచ్చిన వాళ్ల అవ్వ చెనిక్కాయ అంటుంది. మూడూ రాసింది. క కింద ఒత్తు ఎలా పెట్టాలో అడిగి మరీ రాసింది, బడిలో తెలుగే లేని పిల్ల, కాపీ పుస్తకాలతో మేం నెలల తరబడి కూర్చోబెట్టినా ఒత్తుల దగ్గరికి రాని పిల్ల! పువ్వు పైన పూసి, ఊడ నేలలోకి దిగాక కాయ మట్టిలో కడుతుందని అవ్వ చెబితే ఆ బొమ్మ కూడా వేసింది. ఒక్క తొక్కతో భాష, సైన్సు, అవ్వ చేను అన్నీ ఒకే పేజీలోకి వచ్చాయి.

కత్తెర పట్టడం, మడతపెట్టడం వల్ల చిన్న పిల్లల వేళ్లకు పట్టు వస్తుంది, రాతకూ అది పనికొస్తుంది. అంతకన్నా ముఖ్యం, ఇంటికి ఎవరొచ్చినా పుస్తకం తెరిచి మొదటినుంచి చెప్పుకురావడం. ఏది ముందు జరిగింది, ఏది తర్వాత అని గుర్తు తెచ్చుకుంటూ చెప్పిన ప్రతిసారీ అది మనసులో ఇంకాస్త గట్టిపడుతుంది.

టీచర్లను ఒకటే అడుగుతున్నాను. నీటుగా ఉందా అని చూసి మార్కులు వేయకండి, నచ్చిన పేజీ గురించి రెండు నిమిషాలు మాట్లాడించండి. ఎవరు చేశారో అప్పుడే తెలిసిపోతుంది. ఖరీదైన కిట్లూ అక్కర్లేదు, సగం మిగిలిన పాత నోట్‌బుక్ చాలు.

ఇక అమ్మానాన్నలకు: వంకరగా అతికిస్తే ఊరుకోండి, తప్పు రాసినా వెంటనే దిద్దకండి. మా పాప ‘వేరుసనగ’ అని రాస్తే చూసి కూడా ఊరుకున్నాను. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు తాతకు చదివి వినిపిస్తూ మధ్యలో ఆగింది, పెన్సిల్ తెచ్చుకుని స కొట్టేసి శ రాసుకుంది.