విన్‌స్టన్ పిరికివాడనే ఆ ఫార్వర్డ్‌కి జవాబు

ఆ మెసేజ్ మళ్లీ వచ్చింది. ముందు కాలేజీ గ్రూపులో, తర్వాత అపార్ట్‌మెంట్ గ్రూపులో, ఆఖరికి పుస్తకాలు చదివేవాళ్ల గ్రూపులో కూడా. జార్జ్ ఆర్వెల్ ‘1984’ నవల నేర్పే జీవిత పాఠాలట. పార్టీ, దాని అధినేత బిగ్ బ్రదర్ ప్రతి మనిషినీ కనిపెట్టి ఏలే దేశం కథ అది. మెసేజ్‌లో ఉన్నది ఇదీ: ఆ పార్టీ మీద తిరగబడ్డ కథానాయకుడు విన్‌స్టన్ స్మిత్ క్యారెక్టర్ లేని మనిషి కాబట్టి ఓడిపోయాడు, గుండె ధైర్యం ఉన్నవాడైతే లొంగేవాడే కాదు. అతని ప్రియురాలు జూలియా ఒంటి సుఖం కోసం తిరగబడింది, అతన్ని ముంచింది, చివరికి పట్టించింది. అతన్ని హింసించిన పార్టీ పెద్ద ఓబ్రయన్ కూడా ఒకప్పుడు తిరుగుబాటుదారుడే. నవల రాసి ముగించిన 1948ని తిరగేస్తే 1984, పేరు అలా వచ్చింది. కాబట్టి వ్యవస్థతో పెట్టుకోకుండా మన పని మనం చూసుకుంటే హాయి. అడుగున ఆర్వెల్ పేరుతో ఒక కొటేషన్.

సంవత్సరం సంగతి రెండు ముక్కల్లో తేలిపోతుంది. రాతప్రతిలో ఆర్వెల్ మొదట 1980 అని పెట్టుకున్నాడు, తర్వాత 1982 చేశాడు, చివరికి 1984 అయింది. అంకెలు తిరగేయడమే ఉద్దేశమైతే ముందు ఆ రెండూ ఎందుకొస్తాయి? ఇక, అబద్ధాలు రాజ్యమేలే కాలంలో నిజం చెప్పడమే విప్లవం అనే ఆ కొటేషన్ ఆర్వెల్ రచనల్లో ఎక్కడా లేదు. ఓబ్రయన్ గురించి వాదించడానికి ఒక్క వాక్యం ఉంది, నిజమే. ‘మిమ్మల్నీ పట్టుకున్నారా’ అని విన్‌స్టన్ అడిగితే, ‘నన్నెప్పుడో పట్టుకున్నారు’ అంటాడు. కానీ విన్‌స్టన్‌ని ఇంటికి పిలిచి, తిరుగుబాటు ప్రమాణాలు చేయించి, ఆ మాటలన్నీ గుట్టుగా రికార్డు చేయించినవాడు ఆ ఓబ్రయనే. పార్టీకి బద్ధశత్రువైన గోల్డ్‌స్టీన్ రాశాడని అందరూ నమ్మే నిషిద్ధ గ్రంథాన్ని రాసినవాళ్లలో తానూ ఒకడినని నోటితో ఒప్పుకుంటాడు. వలపన్నేవాడి మాట పట్టుకుని అతనికి విప్లవ చరిత్ర కట్టబెట్టడం దేనికి?

నాకు కోపం తెప్పించేది మొదటి పాయింటు. చిత్రహింసకి లొంగినవాడు బలహీనుడు, బలవంతుడైతే తట్టుకునేవాడు అనే మాట. ఇది నవలని తలకిందులు చేస్తుంది. అంతకంటే ఘోరం, హింసించినవాణ్ణి వదిలేసి హింస పడ్డవాడి మీద నేరం మోపుతుంది.

విన్‌స్టన్ ఎప్పుడు లొంగాడో మెసేజ్ రాసినవాళ్లు చూశారా? కొట్టారు, కరెంటు పెట్టారు, నెలల తరబడి చీకటే లేని గదుల్లో పడేశారు. పాతిక కిలోలు తగ్గిపోయాడు. జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడి వస్తోంది. మిగిలిన పళ్లలో ఒకదాన్ని ఓబ్రయన్ చేత్తోనే పట్టి లాగేస్తాడు. నీకు జరగని అవమానం ఇంకేదైనా మిగిలిందా అని అడిగితే ఆ స్థితిలో విన్‌స్టన్ చెప్పిన జవాబు ఒక్కటే: నేను జూలియాకి ద్రోహం చెయ్యలేదు. ఓబ్రయన్ కాదనడు, అది నిజమేనంటాడు. ఆ ఒక్కటీ లాక్కోవడానికే అతన్ని ఎవరికి ఏది అన్నిటికంటే భయమో అదే ఎదురయ్యే 101వ గదికి తీసుకెళ్లి, అతను హడలిపోయే ఎలుకల బోను మొహం దగ్గరికి తెస్తారు. ఇంత దూరం వచ్చినవాణ్ణి, సోఫాలో కూర్చుని ఫోన్ నొక్కుతూ, గట్టివాడు కాదు అని తేల్చేస్తామా?

నవల మూడో భాగం మొదట్లో ఒక సెల్ ఉంటుంది. అందులోకి పుర్రెలా ఎండిపోయిన ఒక ఖైదీని తెస్తారు. ఆకలితో చచ్చిపోతున్నాడని చూడగానే తెలుస్తుంది. బంస్టెడ్ అనే లావుపాటి మనిషి లేచి తడబడుతూ వెళ్లి, జేబులో దాచుకున్న మురికి రొట్టెముక్క అతనికి ఇవ్వబోతాడు. గోడ మీద నుంచి అందరినీ కనిపెట్టే టెలిస్క్రీన్ అరుస్తుంది. గార్డు వచ్చి నోటి మీద గుద్దితే కట్టుడు పళ్లు రెండు ముక్కలై కింద పడతాయి. కాసేపటికి ఆ ఎండిపోయిన మనిషిని 101వ గదికి రమ్మంటారు. అతను కాళ్లావేళ్లా పడతాడు. నాకు పెళ్లాం, ముగ్గురు పిల్లలు ఉన్నారు, వాళ్ల గొంతులు నా కళ్ల ముందే కోయండి, నన్ను మాత్రం తీసుకెళ్లొద్దు అంటాడు. అదీ చాలక బంస్టెడ్ వైపు వేలు చూపించి, తీసుకెళ్లాల్సింది వాణ్ణి అంటాడు. తనకి రొట్టె పెట్టబోయినవాణ్ణి!

ఇక్కడ ఎవరికి క్యారెక్టర్ ఉన్నట్టు, ఎవరికి లేనట్టు? ఆర్వెల్ అతన్ని మనం అసహ్యించుకోవడానికి రాయలేదు. తండ్రి నోటితో ఆ మాట అనిపించగల యంత్రం ఎలా ఉంటుందో చూపించాడు. అది ఊహించి రాసింది కూడా కాదు. జార్ కాలపు జైళ్లనీ ప్రవాసాన్నీ తట్టుకున్న జినోవియెవ్, కామెనెవ్, బుఖారిన్ లాంటి పాత బోల్షెవిక్కులు, అంటే రష్యా విప్లవ నాయకులు, స్టాలిన్ కాలంలో 1936 నుంచి 1938 దాకా జరిగిన మాస్కో విచారణల్లో చేయని నేరాలు చేశామని బహిరంగంగా ఒప్పుకుని తుపాకులకి బలయ్యారు. నవలలో జోన్స్, ఆరన్‌సన్, రూథర్‌ఫర్డ్‌లు అనే పాత పార్టీ నాయకులు అచ్చం ఆ బాపతే. వాళ్లందరూ పిరికివాళ్లేనా?

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను: విన్‌స్టన్ మంచివాడు కాదు. మెసేజ్‌లో చెప్పినదానికంటే ఇంకా చెడ్డవాడు. ఉద్యమం కోసం అవసరమైతే పసిపిల్ల మొహం మీద యాసిడ్ పోస్తావా అని ఓబ్రయన్ అడిగితే, పోస్తానన్నాడు. చిన్నప్పుడు ఆకలితో ఉన్న చెల్లెలి చేతిలోని చాక్లెట్ లాక్కుని పారిపోయాడు. ఆ చెల్లెలినీ తల్లినీ మళ్లీ చూడలేదు. తిరగబడేవాడు పుణ్యాత్ముడై ఉండాలని ఆర్వెల్ అనుకోలేదు. అయినా అతని చెడ్డతనం వేరు, విరిగిపోవడం వేరు. మంచివాడైన బంస్టెడ్‌కీ అక్కడ అదే గతి.

జూలియా సంగతికొద్దాం. ఒంటి సుఖం కోసం తిరగబడిందన్న మాట నవలలో ఉంది, కానీ అది ఆర్వెల్ తీర్పు కాదు, విన్‌స్టన్ ఆమెని ఆటపట్టిస్తూ అన్నది. అదే యాసిడ్ ప్రశ్న పక్కన ఓబ్రయన్ ఇంకో ప్రశ్న అడుగుతాడు: మీరిద్దరూ విడిపోయి ఇక జన్మలో కలుసుకోకుండా ఉండగలరా? విన్‌స్టన్ నోరు తెరవకముందే ‘లేదు’ అన్నది జూలియా. అతను చాలాసేపు తటపటాయించి, ఆ తర్వాతే లేదనగలిగాడు. లండన్ మీద రోజూ పడే రాకెట్ బాంబుల్ని, జనాన్ని భయపెట్టడానికి మన ప్రభుత్వమే వేస్తోందేమో అని అన్నదీ ఆమే. అంత చదివి, అంత ఆలోచించే విన్‌స్టన్‌కి ఆ అనుమానం ఎప్పుడూ రాలేదు. ఆమె వెంటనే అతన్ని పట్టించేసిందని మనకి చెప్పేది ఎవరు? ఓబ్రయన్! విన్‌స్టన్‌ని విరగ్గొట్టడమే పనిగా పెట్టుకున్న మనిషి మాటని సాక్ష్యంగా తీసుకుని ఆమెకి శిక్ష వేస్తున్నాం. చివర్లో పార్కులో కనిపించే జూలియాకి నుదుటి నుంచి కణత దాకా పెద్ద గాయపు మచ్చ ఉంటుంది. ఆమెని ఏం చేసి ఉంటారో చెప్పడానికి అది చాలు. ఆర్వెల్ ఆమెకి ఇంటిపేరు ఇవ్వలేదు, బాల్యం కూడా సరిగ్గా ఇవ్వలేదు, అది రచయిత లోపమే. ఆ లోపాన్ని మనం ఆమె నేరంగా మార్చొద్దు.

ఇక మన పని మనం చూసుకోవాలనే ఆఖరి పాఠం. ఈ నవలలో అలా బతికినవాడు ఒకడున్నాడు: విన్‌స్టన్ పక్కింటి పార్సన్స్. పార్టీ చెప్పిన ప్రతి ఊరేగింపుకీ వెళ్తాడు, చందాలు వసూలు చేస్తాడు, ఒక్క ప్రశ్న కూడా అడగడు. నిద్రలో ‘బిగ్ బ్రదర్ నశించాలి’ అని కలవరించాడని ఏడేళ్ల కూతురు తాళం కన్నం దగ్గర విని, మర్నాడే పోలీసులకి చెప్పేసింది. కూతుర్ని అంత బాగా పెంచినందుకు గర్వంగా ఉందంటాడు పాపం. అతన్ని కూడా తెచ్చి విన్‌స్టన్ ఉన్న సెల్లోనే పడేశారు.