చదువు అప్పుంటే జకాత్ మాఫీ కాదు
ఎడ్యుకేషన్ లోన్ తీరేదాకా జకాత్ (ముస్లింలు ఏటా తమ సంపదలోంచి తప్పనిసరిగా ఇవ్వాల్సిన దానం) ఇవ్వక్కర్లేదని ఈమధ్య చదివిన ఒక వ్యాసంలో రాసిన మాట నాకు సరిగ్గా అనిపించలేదు. ఇస్లాం ధర్మశాస్త్ర సంప్రదాయాల్లో ఒకటైన హనఫీ పద్ధతిలో చేతిలో ఉన్న సొమ్ములోంచి అప్పు మినహాయించుకోవచ్చు, నిజమే. కానీ ఏళ్ల తరబడి కట్టే లోన్ విషయంలో ఇప్పటి ఉలమాల్లో (మత పండితుల్లో) చాలామంది ఈ ఏడాది కట్టాల్సిన వాయిదాలనే తీసేయమంటున్నారు. ఇంకో సంప్రదాయం వాళ్లు, షాఫయీలైతే అప్పు ఉన్నా జకాత్ తప్పదంటారు. మా తమ్ముడు డల్లాస్‌లో ఎమ్మెస్ చేసి ఉద్యోగంలో చేరాడు. లోన్ ఇంకా 30 లక్షలుంది, చేతిలో 9 లక్షలున్నాయి. మొత్తం అప్పు చూస్తే వాడి దగ్గర ఏమీ లేనట్టే. నెలకు 45 వేల చొప్పున ఏడాది వాయిదాలు తీసేస్తే మాత్రం 3 లక్షల 60 వేలు మిగిలింది. అది వెండి నిసాబ్ (వెండి ధర ప్రకారం జకాత్ తప్పనిసరయ్యే కనీస మొత్తం) దాటింది కాబట్టి రెండున్నర శాతం లెక్కన 9 వేలు రంజాన్‌లో ఇచ్చాడు. ఇక చదువైపోయి ఉద్యోగం రాక, వాయిదా కట్టలేక టెన్షన్ పడుతున్న పిల్లల సంగతి వ్యాసంలో అసలు లేనే లేదు, నాకు బాధ అనిపించింది అక్కడే. ఖురాన్‌లోని తౌబా సూరా (అధ్యాయం) 60వ ఆయత్‌లో (వాక్యంలో) జకాత్ అందుకోదగిన ఎనిమిది వర్గాల్లో అప్పులపాలైనవాళ్లూ ఉన్నారు. మా హనఫీల్లో తల్లిదండ్రులు కన్నబిడ్డకు ఇవ్వకూడదు గానీ చిన్నాన్న, మేనమామ ఇవ్వొచ్చు. ఇది జకాత్ అని ఆ పిల్లాడికి చెప్పాల్సిన పని కూడా లేదు.